సంధికర్త స్మృతులు



నేను కాపురముండు కర్మన్‌ఘాట్‌లో ఆంజనేయస్వామి దేవాలయ మున్నది. మంగళవారమునను శనివారమునను ఆ వీథిలో అడుగు పెట్టుటకు చోటుండదు. అది కాకతీయుల కాలము నాటిదని పెద్దలు చెప్పుదురు. ఔరంగజేబు సైనికులు గుడిని పడగొట్ట వచ్చినపుడు, ‘ఆ పని చేయవలెనన్నచో ముందు మనస్సు గట్టి చేసికొమ్ము’ అని లోపలినుండి యొక మాట వినవచ్చెననియు, ఆ హిందుస్తానీ మాటయే మా యూరి పేరైనదనియు ఒక కథ కలదు. కథను కథగానే చెప్పుచున్నాను. చరిత్రమని చెప్పుట లేదు. మా స్వామి పేరు ధ్యానాంజనేయుడు. లోకమంతయు హనుమంతుని రామదూత యని యెఱుగును. సముద్రము దాటి పోయి, మాట చెప్పి, మాట తెచ్చినవాడు మా యూర ధ్యానమున నున్నాడు. ఈ సాయంకాలము నేను మాటలాడదలచిన విషయము ఆ గుడి మెట్లమీద కూర్చుండగా నాకు తోచినదే కనుక, అక్కడనే మొదలిడుచున్నాను.

రాయబారి వేఱు, మధ్యవర్తి వేఱు. మన వారు ఈ రెంటిని తఱచు ఒకటిగా భావింతురు. తిరుపతి వేంకటకవుల ‘పాండవోద్యోగ విజయములు’ ఆడని పల్లె తెలుగునాట అరుదు. అందలి శ్రీకృష్ణుడు రాయబారియే గాని మధ్యవర్తి కాడు. ఆయన పాండవుల పక్షమున వచ్చినాడు, వారి మాట చెప్పినాడు, కాదన్నపుడు వారి రథమే తోలినాడు. రాయబారికి ఇల్లున్నది, పని చెడినను పోయి చేరుట కొక శిబిరమున్నది. మధ్యవర్తికి ఆ శిబిరము లేదు. పని చెడిననాడు ఇరువురును వానినే నిందింతురు. పని నెగ్గిననాడు ఇరువురును వానిని మఱచిపోవుదురు.

దీనిని నేను గ్రంథములలో కంటె ముందు మా కాలనీలోనే నేర్చుకొంటిని. చాల యేండ్ల క్రిందట మా వీథిలో ఇద్దఱు అన్నదమ్ములు తండ్రి విడిచిపోయిన రెండువందల గజముల స్థలములో నడిమి గోడ యెచ్చట లేపవలెనను విషయమై తగవు పడిరి. పెద్దమనిషిగా నన్ను పిలిచిరి. నేను అన్న యింట కాఫీ త్రాగి, అతడు చెప్పినదంతయు విని, తమ్ముని యింటికి పోయి, అన్న మాటలను అన్న గొంతుతోనే వప్పగించితిని. తమ్ముడు విని, చాల మర్యాదగా, ‘సార్, మీరు మాకు పెద్దమనుషులా, మా అన్నకు వకీలా?’ అని యడిగెను. అంతటితో నా పంచాయతి ముగిసినది. అతని కోరిక యేమిటో నేను తెలిసికొంటిని గాని అతని భయ మేమిటో తెలిసికొనలేదు. తరువాత ఇంకొకరు కూర్చుండి ఆ తగవు తీర్చిరి.

ఇది గోడ తగవు. ముప్పది యేండ్లు, నలువది యేండ్లు తుపాకులు ప్రేలిన తగవున నడుమ కూర్చుండినవాని మాట యేమి? అట్టివాడు తరువాత తన జ్ఞాపకములు వ్రాయగా వచ్చిన పుస్తకములు లోకమున కొన్ని కలవు. వానిని చదువుట ఒక ప్రత్యేకమైన అనుభవము. సేనాపతి స్మృతులలో జయాపజయములుండును. మంత్రి స్మృతులలో ఆత్మసమర్థన ముండును. సంధికర్త స్మృతులలో నుండునది యెక్కువగా వేచియుండుట. ఎవరు ఏ కుర్చీలో కూర్చుండవలెను, ఎవరు ముందు మాటలాడవలెను, ఒక వాక్యములో ‘తరువాత’ అను పదము వేయవలెనా ‘తోడనే’ అను పదము వేయవలెనా యని వారములు గడచును.

ఈ తీరు పుస్తకములలో పేరు పొందినది జార్జి మిచెల్ అను అమెరికా సెనేటు మాజీ సభ్యుడు 1999లో ప్రకటించినది. ఉత్తర ఐర్లండులో కాథలిక్ జాతీయవాదులకును ప్రొటెస్టెంటు ఐక్యతావాదులకును నడుమ సుమారు ముప్పది యేండ్లు సాగిన కలహమున 3,500 మంది వఱకు మరణించిరి. 1996 జూన్‌లో చర్చలు ఆరంభమైనపుడు మిచెల్ అధ్యక్షపీఠమున కూర్చుండుటకే కొందఱు అడ్డు చెప్పిరి. ఏండ్ల తరబడి ఒకరి మొగ మొకరు చూడనివారు ఒకే గదిలో ఉండియు ఒకరితో నొకరు మాటలాడక, అధ్యక్షునితో మాత్రమే మాటలాడెడివారు. 1997 అక్టోబరులో మిచెల్‌కు కుమారుడు కలిగెను. ఆనాడు ఉత్తర ఐర్లండులో ఎందఱు శిశువులు పుట్టిరని ఆయన విచారింపగా 61 మంది యని తెలిసెను. తన బిడ్డకు గల బ్రతుకు ఆ 61 మందికి ఏల ఉండరాదని తలంచి, విడిచిపోదునా యను సంశయమును మాని తిరిగి పనికి పోయితినని ఆయన చెప్పెను. 1998 ఏప్రిలు 10వ తేదీన, గుడ్ ఫ్రైడే నాడు, ఒడంబడిక కుదిరినది.

అది దూరదేశపు మాట. మన నేలమీద ఇట్టివారు లేరా? ఉన్నారు. అయితే మన వారి కథ అంత సుఖముగా ముగియలేదు. ముగియలేదు కనుకనే దానిని వినవలసి యున్నదని నా యభిప్రాయము.

తెలుగునాట నేలకొఱకు జరిగిన సాయుధ పోరాటములు పాతవి. 1946 మొదలు 1951 వఱకు తెలంగాణములో సాగిన పోరాటము చివరి దినములలో, 1951 ఏప్రిలులో వినోబాభావే శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనమునకు వచ్చి, హైదరాబాదు చెఱసాలలో నున్న కమ్యూనిస్టులను చూచి మాటలాడి, కాలినడకన నల్లగొండ వైపు కదలెను. ఏప్రిలు 18వ తేదీన పోచంపల్లిలో హరిజనులు తమకు 80 ఎకరముల నేల కావలెనని కోరగా వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరము లిచ్చెదమనిరి. భూదానము అచ్చట పుట్టినది. ఇప్పుడు మా దిల్‌సుఖ్‌నగరమునుండి పోచంపల్లికి చీరలు కొన పోవువారు ఉదయము పోయి మధ్యాహ్నమునకు తిరిగి వచ్చుచున్నారు. వినోబా ఆ దారిని నడచినది ఇరు పక్షముల నడుమ ఒప్పందము కుదుర్చుటకు కాదు. ఆయన పద్ధతి వేఱు. కాని తగవునకు మూలము నేల యని గుర్తించి, తుపాకి పట్టినవారిని చెఱసాలలో చూచి, నేల గలవారిని ఊరిలో చూచిన మొదటి పెద్దమనిషి ఆయన యని చెప్పవచ్చును.

ఆ తరువాత 1960వ దశాబ్ది చివర శ్రీకాకుళము మన్నెములో గిరిజనుల తిరుగుబాటు లేచినది. దానికి నాయకులైన వెంపటాపు సత్యము, ఆదిభట్ల కైలాసము గారలు 1970 జూలైలో పోలీసుల చేతిలో మరణించిరి. 1980లో కొండపల్లి సీతారామయ్య గారి నాయకత్వమున పీపుల్స్‌వార్ పార్టీ ఏర్పడెను. 1981 ఏప్రిలులో ఇంద్రవెల్లిలో గోండులమీద పోలీసు కాల్పులు జరిగెను. 1992లో ప్రభుత్వము ఆ పార్టీని నిషేధించెను. అటుపిమ్మట ఒకవైపు ‘ఎదురుకాల్పులు’ అను పేరున జరిగిన మరణములు, మఱియొకవైపు మందుపాతరలు, ‘ఇన్ఫార్మరు’ అను నిందతో పల్లె ప్రజలను చంపుట. 2000 మార్చి 7న మా తూర్పు దిక్కుననే, ఘట్‌కేసర్ వద్ద, మంత్రి ఎలిమినేటి మాధవరెడ్డి గారు మందుపాతర ప్రేలి మరణించిరి. వేలమంది చనిపోయిరి. వారిలో పోలీసు కానిస్టేబులును పేదవాడే, దళములో చేరిన యువకుడును పేదవాడే, ఇరువురి నడుమ నలిగిన కూలివాడును పేదవాడే.

ఇట మన కథలోని ఇద్దఱు ముఖ్యులను పరిచయము చేయవలెను. ఒకరు ఎస్. ఆర్. శంకరన్ గారు. తంజావూరు ప్రాంతమున పుట్టి, ఐ.ఏ.ఎస్. ఉద్యోగియై తెలుగుదేశమునకు వచ్చి, ఇక్కడివారికి ఇక్కడివారైనవారు. వెట్టిచాకిరి నిర్మూలనమునకును, దళిత గిరిజన సంక్షేమమునకును ఉద్యోగ జీవిత మంతయు ధారపోసినవారు. పెండ్లి చేసికొనలేదు. 2005లో భారత ప్రభుత్వము పద్మభూషణ బిరుద మీయగా వలదనిరి. రెండవవారు కె. జి. కన్నబిరాన్ గారు, న్యాయవాది, పౌరహక్కుల సంఘమునకు చాలకాలము అధ్యక్షులు, ప్రభుత్వమును న్యాయస్థానమున నిలదీయుటయే వృత్తిగా గలవారు. ఒకరు సర్కారు ఉద్యోగి, ఒకరు సర్కారుకు ప్రతివాది. ఈ యిరువురిని ఒక చోట చేర్చినది ఒక అపహరణము.

1987 డిసెంబరు చివర, తూర్పు గోదావరి మన్నెములో గుర్తేడు ప్రాంతమున గిరిజనుల కార్యములమీద పోయిన అధికారులను పీపుల్స్‌వార్ దళము పట్టుకొనిపోయెను. శంకరన్ గారు వారిలో నుండిరి. గిరిజనుల మేలుకొఱకు పాటుపడుచున్న అధికారిని గిరిజనుల పేరిట పోరాడుచున్నవారే బందీ చేసిరి! చెఱలో నున్న తమ వారిని విడిచినగాని అధికారులను విడువమని షరతు పెట్టిరి. ఎన్. టి. రామారావు గారి ప్రభుత్వము ఏమి చేయుదునని సతమతమగుచుండగా, మధ్యవర్తులలో నొకరై కన్నబిరాన్ గారు ఆ పనికి పూనుకొనిరి. 1988 జనవరి మొదటి దినములలో ఖైదీల విడుదలయు అధికారుల విడుదలయు జరిగెను.

ఈ సంఘటనమున నాకు వింతగా తోచునది విడుదల కాదు; ఆ తరువాతి పదేండ్లు. బందీగా నుండి వచ్చిన మనిషికి రెండు దారులు సహజము. పట్టుకొన్నవారిమీద పగ యొకటి. ‘బ్రతికి బయటపడితిని, ఇక నాకెందులకు’ అను విరక్తి యొకటి. శంకరన్ గారు రెండును కాదని, 1992లో ఉద్యోగ విరమణము పొందిన పిమ్మట, తనను బందీ చేసినవారికిని, తాను సేవించిన ప్రభుత్వమునకును నడుమ కూర్చుండుటకు సిద్ధపడిరి. ఈ పనికి ఆయనకంటె తగినవాడు ఎవరుందురు? ప్రభుత్వము ఆయనను తన మనిషి కాదనజాలదు. అడవిలోనివారు ఆయన నిజాయితీని శంకింపజాలరు. కొన్నిదినములు చేతులలో పెట్టుకొని చూచినవారే కదా!

1997లో ఆయన సంయోజకులుగా ‘కమిటీ ఆఫ్ కన్సర్న్డ్ సిటిజన్స్’ అను సంఘ మేర్పడెను. తెలుగు పత్రికలు దానిని పౌరస్పందన వేదిక యని వ్రాయుచుండెను. కన్నబిరాన్ గారు, పాత్రికేయులు పొత్తూరి వెంకటేశ్వరరావు గారు, ఆచార్య జి. హరగోపాల్ గారు మొదలగువారు అందులో చేరిరి. ఈ సంఘమునకు అధికారము లేదు, నిధి లేదు, ఎవరును వారిని నియమింపలేదు. వారికి గల సాధనములు రెండే: ఊరూర తిరిగి వినుట, ఉత్తరములు వ్రాయుట. హత్య జరిగిన పల్లెకు పోయి, చంపినది యెవరైనను, చనిపోయినవాని ఇంటివారితో మాటలాడి, ముఖ్యమంత్రి కొక యుత్తరము, పార్టీ కొక యుత్తరము వ్రాయుదురు. ప్రభుత్వమును అడిగిన ప్రశ్న: నీ రాజ్యాంగమును నీవు పాటింపక, ఇతరులను పాటింపుమని యెట్లు చెప్పుదువు? పార్టీని అడిగిన ప్రశ్న: ప్రజలకొఱకు పోరాడుచున్నామని చెప్పి, ఆ ప్రజలలో నొకనిని విచారణ లేక చంపుటకు నీకు హక్కెవరిచ్చిరి? ఇరువురును మొదట కోపించిరి. క్రమముగా ఇరువురును బదులు వ్రాయ మొదలిడిరి. ఈ ఉత్తర ప్రత్యుత్తరములను, నివేదికలను సంఘమువారు తరువాత ఆంగ్లమున పుస్తకముగా అచ్చు వేయించిరి. అదియే ఒక విధమైన స్మృతి గ్రంథము. ‘నేను’ అను మాట కనబడని స్మృతి గ్రంథము.

మా వీథిలో నేను చేసిన తప్పును వారు చేయలేదని మీరు గమనించియే యుందురు. ఒకరి గొంతును రెండవవారి యింట వినిపించుట వారి పద్ధతి కాదు. ఇరువురికిని మూడవ గొంతును, అనగా తుపాకి లేని పల్లె ప్రజల గొంతును, వినిపించుట వారి పద్ధతి. మధ్యవర్తి యనగా ఇరువురికి సమాన దూరమున నిలిచి మౌనము వహించువాడని కొందఱందురు. నేనందులకు సమ్మతింపను. ఇరువురికిని అప్రియమైన సత్యమును సమానముగా చెప్పగలవాడే మధ్యవర్తి.

2002లో ఒకసారి ఆశ చిగిర్చినది. చంద్రబాబునాయుడు గారి ప్రభుత్వము చర్చలకు సరే ననెను. పార్టీ పక్షమున దూతలుగా వరవరరావు, గద్దరు గారలు మంత్రులతో కూర్చుండిరి. ఆ దూతలు రాయబారులే. తమ పక్షమును దాచుకొనలేదు. అది తప్పును కాదు. ఆ ప్రయత్నము విఫలమైనది. 2003 అక్టోబరు 1న అలిపిరి వద్ద ముఖ్యమంత్రిమీద మందుపాతర ప్రేలెను. ఆయన గాయములతో బయటపడిరి.

2004 మే నెలలో ప్రభుత్వము మాఱినది. ముఖ్యమంత్రి వై. ఎస్. రాజశేఖరరెడ్డి గారు చర్చలకు మాట యిచ్చి అధికారమునకు వచ్చినవారు. జూలైలో నిషేధము గడువు తీరగా దానిని పొడిగింపలేదు. ఇరువైపుల తుపాకులు ఆగినవి. అక్టోబరులో పార్టీ రాష్ట్ర కార్యదర్శి రామకృష్ణ మొదలగువారు నల్లమల యడవినుండి ప్రకాశము, గుంటూరు జిల్లాల పల్లెలమీదుగా బయటికి వచ్చిరి. ఆ నడుమనే పీపుల్స్‌వార్ మఱియొక సంస్థతో కలిసి మావోయిస్టు పార్టీ యైనది. జనశక్తి పక్షమున అమర్, రియాజ్ అనువారును వచ్చిరి. వారినందఱిని హైదరాబాదులో మంజీరా అతిథి గృహమున దింపిరి. 15వ తేదీనుండి 18వ తేదీవఱకు నాలుగు దినములు, జూబిలీహిల్స్‌లోని మఱ్ఱి చెన్నారెడ్డి మానవవనరుల అభివృద్ధి సంస్థలో, హోంమంత్రి కె. జానారెడ్డి గారు ప్రభుత్వ పక్షమునకు నాయకులుగా, చర్చలు జరిగెను. శంకరన్ గారును వారి మిత్రులును నడుమ కూర్చుండిరి. పార్టీ దూతలుగా వరవరరావు, గద్దరు గారలతోపాటు కల్యాణరావు గారుండిరి.

ఆ దినములలో అతిథి గృహము ముందు కనబడిన దృశ్యమును పత్రికలలో చూచినవారు మఱచియుండరు. జనులు అర్జీలు చేతబట్టుకొని వరుసలో నిలిచిరి. భూమి తగవులు, రాని పింఛనులు, పోయిన ఉద్యోగములు, అల్లుని దుర్మార్గములు! కలెక్టరు కచేరీలో తెగని అర్జీని అడవినుండి వచ్చినవాని చేతిలో పెట్టుటకు వచ్చినవారు వారు. కొందఱు దీనిని చూచి నవ్విరి. కొందఱు పార్టీ బలమునకు నిదర్శన మనిరి. నాకు మాత్రము అది కచేరీల కథగా కనబడెను. ఒక రాజ్యమున అర్జీ పోవలసిన చోటికి పోయి బదులు తెచ్చుచున్నచో, ఆ వరుస యుండదు.

పార్టీవారు తెచ్చిన కోరికల పట్టికలో పదునొకండు విషయము లుండెను. పౌరహక్కులు, నేల పంపకము అందులో ముఖ్యములు. నేల విషయమున మాట కొంత ముందుకు సాగెను. హైదరాబాదు చుట్టుపట్ల ప్రభుత్వ భూములు ఎవరెవరి చేతిలో నున్నవో వారు పట్టిక యిచ్చిరి. ఇది విన్నపుడు మా కర్మన్‌ఘాట్‌వారము ఒకరి మొగ మొకరు చూచుకొంటిమి. మా చుట్టును పొలములు, చెఱువు గట్లు ఉన్నచోట ఇప్పుడు వరుసలుగా కాలనీలు లేచియున్నవి. గజము లెక్కను నేల అమ్ముడగుచున్నది. ఏ పొలము ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయినదో చెప్పగల ముసలివారు ఇంకను కొందఱున్నారు. వారిని అడుగువారు లేరు. అదే సంవత్సరము డిసెంబరులో ప్రభుత్వము మంత్రి కోనేరు రంగారావు గారి అధ్యక్షతను భూమి సంఘమును నియమించెను. 2006లో అది 104 సిఫారసులతో నివేదిక యిచ్చెను. చర్చలు చెడినను ఆ నివేదిక నిలిచినది. రెవెన్యూ చట్టములను గూర్చి మాటలాడువారు నేటికిని దానిని తిరుగవేయుచున్నారు.

చర్చలు ఎక్కడ చెడినవి? తుపాకి దగ్గఱ.

దీనిని కొంత వివరముగా చెప్పవలసియున్నది. చర్చలు సాగుచున్నంతకాలము దళములు ఆయుధములతో పల్లెలలో తిరుగరాదని ప్రభుత్వము పట్టుపట్టెను. తుపాకి పట్టి తిరుగువాడు ఊరిలో నుండగా ఊరివారు స్వేచ్ఛగా నోరు తెఱవజాలరు గదా యని వారి వాదము. ఆయుధము విడిచి తిరిగినచో, పోలీసులు ఆయుధములతోనే యుందురు గనుక, తమ ప్రాణములకు హామీ యెవరని పార్టీవారి వాదము; వారికి ఎదురుకాల్పుల చరిత్ర జ్ఞాపకమున్నది. ప్రభుత్వమునకు మందుపాతరల చరిత్ర జ్ఞాపకమున్నది. రెండు భయములును నిజమైనవే. మా తమ్ముని భయమువలె, వినకుండ దాటిపోవుటకు వీలులేనివి.

ఉత్తర ఐర్లండులోను సరిగా ఈ రాతికే కాలు తగిలినది. ఐ.ఆర్.ఏ. వారు ఆయుధములు ముందు అప్పగించినగాని మాటలాడమని బ్రిటిషు ప్రభుత్వము. అంతయు తేలిన పిమ్మటనే ఆయుధముల మాట యని వారు. 1996 జనవరిలో మిచెల్ సంఘము ఇచ్చిన నివేదిక చేసిన ఉపాయ మేమన, ‘ముందు’ కాదు, ‘తరువాత’ కాదు, చర్చలతో ‘పాటుగా’ అనుట. వచ్చువారందఱును ప్రజాస్వామిక శాంతిమార్గములను అంగీకరింపవలెనని ఆఱు నియమములు పెట్టి, ఆయుధముల చిక్కును చర్చా మందిరమునుండి బయటికి తీసి, కెనడా సేనాని జాన్ డి షాస్టిలెన్ అధ్యక్షతను వేఱొక సంఘమునకు అప్పగించిరి. ఒడంబడిక 1998లో కుదిరినది, ఐ.ఆర్.ఏ. ఆయుధములన్నియు పనికిరాకుండ చేయబడినవని ఆ సంఘము ప్రకటించినది 2005 సెప్టెంబరులో. ఏడేండ్లు! ఆ యేడేండ్లును ఎందఱో ఓపిక వీడి నిందించిరి. అయినను ఆ చిక్కు వేఱొక గదిలో నుండెను గనుక ఈ గదిలోని మాట చెడలేదు.

మన చోట అట్లు జరుగలేదు. ఆ ప్రశ్న చర్చ నడుమనే నిలిచినది. మన మధ్యవర్తుల లోపమా యిది? అట్లనుట న్యాయము కాదు. మిచెల్ వెనుక రెండు ప్రభుత్వములు, అమెరికా అధ్యక్షుడు నిలిచియుండిరి. ఆయన అధ్యక్షపీఠమున కూర్చుండినవాడు. శంకరన్ గారి వెనుక ఎవరును లేరు. ఆయన సలహా చెప్పగలరు, ఆజ్ఞాపింపలేరు. పైగా ఇరుపక్షములును చర్చలను పూర్ణముగా నమ్మి వచ్చినవని నేను చెప్పజాలను. ఊపిరి తీసికొనుటకు కొంత కాలము చిక్కెనని తలచినవారు రెండు వైపులను ఉండిరి. మధ్యవర్తికి ఇది తెలియదా? తెలియును. తెలిసియు, వారు నమ్మనిదానిని తాను నమ్మినట్లుగా కూర్చుండవలెను. ఆ కాలములోనైనను కొందఱు బ్రతుకుదురు గదా.

బ్రతికిరి. 2004 నడిమినుండి సంవత్సరాంతము వఱకు పల్లెలలో హత్యలు, ఎదురుకాల్పులు బాగుగా తగ్గినవి. అడవి యంచు ఊళ్లలో జనులు ప్రొద్దు గ్రుంకిన పిమ్మట ఆరుబయట మంచములు వేసికొని మాటలాడుకొనగలిగిరన్నచో, ఆ చిన్న సుఖము విలువ పట్టణమున నుండు మనకు తెలియదు.

రెండవ విడత చర్చలు జరుగలేదు. 2005 జనవరిలో మఱల కాల్పులు మొదలైనవి. ఆ నెల నడుమ పార్టీ చర్చలనుండి తొలగితిమని ప్రకటించెను. జూబిలీహిల్స్‌లో బల్లవద్ద కూర్చుండిన రియాజ్ ఆ యేడు జూలై మొదట పోలీసుల చేతిలో మరణించెను. ఆగస్టు 15న, స్వాతంత్ర్య దినోత్సవమునాడు, నారాయణపేటలో శాసనసభ్యుడు చిట్టెం నర్సిరెడ్డి గారిని, ఆయనతో నున్నవారిని కాల్చి చంపిరి. రెండు దినములలో నిషేధము తిరిగి వచ్చెను. పదినెలల క్రిందట అర్జీలు పట్టుకొని నిలిచిన వరుస మఱల కచేరీలకు పోయినది.

సంధి నెగ్గినవాని స్మృతులు చదువుట సులభము. చివరి ప్రకరణమున సంతకము లుండును, చప్పట్లుండును. సంధి నెగ్గనివాని స్మృతులు ఎవరు అచ్చు వేయుదురు, ఎవరు కొందురు? అయినను మనకు ఈ రెండవదియే యెక్కువ కావలెనని నా పక్షము. ఏ మాటవద్ద గొంతు మాఱెను, ఏ దినమున ఒక యుత్తరము ఆలస్యమయ్యెను, ఎవరు గదిలో నొక మాటయు వాకిట పత్రికలవారి కొక మాటయు చెప్పిరి అను వివరములు నెగ్గిన కథలో మఱుగుపడును. చెడిన కథలోనే పైకి తేలును. తరువాత కూర్చుండబోవువానికి కావలసినవి అవియే. కన్నబిరాన్ గారు ‘24 గంటలు’ అను పేర తమ జీవితకథను తెలుగున చెప్పియుంచిరి. దానిని వారి కుమార్తె కల్పనా కన్నబిరాన్ గారు ఆంగ్లము చేయగా 2022లో వెలువడినది. న్యాయవాది స్మృతులు కనుక వాదమే హెచ్చుగా నుండును. అయినను ఒక రాజ్యము తన రాజ్యాంగముతో ఎట్లు తగవు పడినదో తెలియగోరువారు అది చదువవలెను. పొత్తూరివారును స్వీయచరిత్ర వ్రాసిరి. శంకరన్ గారు ఉపన్యాసములందును తన్ను గూర్చి చెప్పుకొనుట కిష్టపడువారు కారు. ఆయన 2010 అక్టోబరు 7న గతించిరి. ఆ సంవత్సరమే డిసెంబరు 30న కన్నబిరాన్ గారు గతించిరి. గుర్తేడు బందీయు, ఆయన విడుదలకై పాటుపడినవారును మూడు నెలల వ్యవధిలో వెడలిపోయిరి. పొత్తూరివారు 2020 మార్చిలో వెడలిపోయిరి.

ఆ బల్లవద్ద కూర్చుండినవారిలో హరగోపాల్ గారు 2025 ఏప్రిలులో, విశ్రాంత న్యాయమూర్తి చంద్రకుమార్ గారు మొదలగువారితో కూడి, హైదరాబాదులో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి గారి యింటికి పోయిరి. ఛత్తీస్‌గఢ్ అడవులలో కాల్పులు నిలిపి మాటలాడునట్లు కేంద్ర ప్రభుత్వమునకు చెప్పుమని వారి విన్నపము. మే 21వ తేదీన ఆ యడవులలోనే, నారాయణపూర్ జిల్లాలో, మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు, మఱి కొందఱును కాల్పులలో మరణించిరి. ఆయన శ్రీకాకుళము జిల్లావాడు.